కళింగం నేర్పిన అహింస దేశాల మధ్య నిలుస్తుందా?

వంశధార:
నిన్న శాలిహుండం కొండమీద, స్తూపం ఇటుకల పక్కన కూర్చున్నప్పుడు కలిగిన ఆలోచన ఇది. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని గెలిచిన అశోకుడే తన 13వ శిలాశాసనంలో చెక్కించాడు. గెలిచినవాడు పశ్చాత్తాపపడటమే దేశాల మధ్య అహింసకు పునాది అని నా నమ్మకం.

మాజీ సుబేదారు:
మాస్టారూ, ఆ శాసనం కళింగంలో లేదు. అక్కడ అశోకుడి శాసనాలున్న ధౌళిలోనూ, మనకు దగ్గరలోని జౌగడలోనూ దాన్ని వదిలేసి వేరే శాసనాలు చెక్కించారు. బిడ్డలను పోగొట్టుకున్నవారికి చెప్పని పశ్చాత్తాపం ఎవరికోసం? పైగా అందులోనే, బాధపడుతున్నా దండించే శక్తి తనకుందని అడవి ప్రజలను హెచ్చరించాడు.

వంశధార:
ఆ వేరే శాసనాల్లోనే మనుషులందరూ తన బిడ్డలని, తాను జయించని పొరుగువారు తనకు భయపడనక్కరలేదని చెప్పాడు కదా.

నాగావళి తీరం:
1954లో ఒకరిపై ఒకరు దాడి చేయకుండా శాంతిగా ఉందామని చైనాతో పంచశీల ఒప్పందం, 1962లో అదే చైనాతో యుద్ధం. దాని గురించి మాట్లాడండి.

మాజీ సుబేదారు:
ముందు 13వ శాసనం సంగతి తేలాలి.

వంశధార:
కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసింది, ఈనాటికీ దేశంగా నిలిచే ఉంది. తుపాకీ పట్టి బతికినవారికి ఇది రుచించకపోవచ్చు.

మాజీ సుబేదారు:
ఆ మాట అనవలసింది కాదు. 1955లో నికరాగువా వైపునుంచి సాయుధులు చొరబడినప్పుడు అదే కోస్టారికాకు అమెరికా నాలుగు యుద్ధ విమానాలను ఒక్కొక్కటి ఒక్క డాలరుకు అమ్మింది. మా తమ్ముడు సరిహద్దులో కాలు పోగొట్టుకుని వచ్చాడు. సభలో శాలువా కప్పినవారే, పింఛను కాగితం కోసం అతను చంకకర్రలతో మూడంతస్తుల మెట్లెక్కుతుంటే కుర్చీలోంచి లేవలేదు. నేను అహింసకు వ్యతిరేకిని కాను. ఆయుధం దించాక పొరుగువాడు దించకపోతే, ఆ దెబ్బ ఎవరి గడపకు తగులుతుందో చెప్పకుండా శాంతి గురించి మాట్లాడటమే నాకు సహించదు.

బొబ్బిలి వీణ:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

వంశధార:
నేనన్న మాటకు క్షమించండి, అన్నయ్యా. మా ఇంట్లో ఎవరూ సైన్యంలో లేరు కనుక నేను మూల్యం లెక్కవేయకుండా మాట్లాడాను. అయినా ఆ దెబ్బ మీ గడపకే తగులుతుంది కాబట్టే, యుద్ధం వద్దనే మాట మా వంటి ఇళ్లనుంచి ముందుగా, గట్టిగా రావాలని నేను ఇప్పటికీ అంటాను.

మాజీ సుబేదారు:
రావచ్చు. మమ్మల్ని అడిగి రావాలి.