108 కిలోలున్న నేను 100 సీసీ బండితో నేర్చుకోవచ్చా?

సూర్యాపేట_కుర్రాడు:
నా బరువు 108 కిలోలు, ఎత్తు అయిదడుగుల పది. ఇంతవరకు స్కూటీ తప్ప గేర్ల బండి నడపలేదు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. మా బాబాయి తన స్ప్లెండర్ తక్కువకే ఇస్తానంటున్నాడు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్ళాలి, నెలకోసారి సూర్యాపేట. ఒక షోరూంలో అడిగితే "మీ పర్సనాలిటీకి చిన్న బండి ఆగదు సార్, 350 చూడండి" అన్నారు. ఇంట్లో కూడా అదే మాట. 100 సీసీ నా బరువు మోస్తుందా? ఇంజిన్ పాడవుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చైన్_స్పాకెట్:
మోస్తుంది తమ్ముడూ. నాది టూ వీలర్ మెకానిక్ షాపు, చూసిందే చెబుతున్నాను. బండితో వచ్చిన పుస్తకం తీసి చూడు. ఈ తరగతి బండ్లకు సాధారణంగా 130 కిలోల దాకా ఎక్కించొచ్చని ఉంటుంది. హెల్మెట్, బ్యాగు కలిపినా నువ్వు ఆ లోపలే ఉంటావు. వెనక ఇంకొకరు ఎక్కితే మాత్రం దాటిపోతుంది, కాబట్టి డబుల్స్ వద్దు. నువ్వొక్కడివి కూర్చుంటే ఇంజిన్ పోతుందన్నది వట్టి మాట.

అయితే బండిని నీకు తగ్గట్టు చేయించుకోవాలి. వెనక షాకబ్జర్ల స్ప్రింగు కింద మెట్లున్న రింగు ఉంటుంది, స్ప్లెండర్‌కు అయిదు మెట్లు. రెండు వైపులా ఒకే మెట్టుకు, నాలుగోదానికి తిప్పించు. వెనక టైరుకు ఒక్కరుంటే 28, ఇద్దరుంటే 40 గాలి అని రాసి ఉంటుంది. ఒక్కడినే కదా అని నువ్వు 28 పట్టిస్తే టైరు అంచులు తినేస్తుంది. 34 దగ్గర పెట్టు. స్టాండు మీద లూజు సరిగ్గా ఉన్న చైను నువ్వు కూర్చున్నాక బిగుసుకుంటుంది, కాబట్టి నువ్వు ఎక్కి కూర్చున్నప్పుడు ఇంకొకరితో చూపించుకో. హెడ్‌లైట్ కూడా అంతే. వెనక భాగం దిగిందంటే లైటు పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. రాత్రి గోడ ముందు బండి మీద కూర్చుని వెలుగు ఎక్కడ పడుతుందో చూసి కిందికి దింపించు.

గుంటూరు_గేర్:
పల్సర్ 150 తీసుకో బ్రో, గోల వదిలిపోతుంది.

ఎన్‌హెచ్65:
మోయడం వేరు, సరిపోవడం వేరు. నేను 102 కిలోలు. నా మొదటి బండి 100 సీసీ. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే వెనక షాకబ్జర్లు అడుగుకంటా దిగి టక్కున కొట్టేవి, ఆ దెబ్బ నేరుగా నడుముకే. ట్యాంకుకూ మోకాళ్ళకూ మధ్య చోటు లేక వెనక్కి జరిగి కూర్చునేవాణ్ణి, చేతులు చాచుకుని హ్యాండిల్ పట్టుకోవాల్సి వచ్చేది.

అది కూడా సరే అనుకుందాం. చౌటుప్పల్ దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేద్దామని రేజ్ చేస్తే బండి 70 దగ్గర ఆగిపోయింది. ఇంకా తిప్పడానికి ఏమీ మిగల్లేదు. పక్కన లారీ చక్రాలు, వెనక బస్సు హారన్. ముందుకు పోలేను, వెనక్కి తగ్గలేను. ఆ టెన్షన్ పడినవాడికే తెలుస్తుంది. కుర్రాడు నెలకోసారి సూర్యాపేట వెళ్తానని స్పష్టంగా రాశాడు. మీరేమో స్ప్రింగు మెట్లు లెక్కపెడుతున్నారు.

రాయల్_ఫ్యాన్_నెల్లూరు:
ముందు బరువు తగ్గించు బ్రదర్. బండి మార్చడం కన్నా చవక.

విశాఖ_రైడర్:
ఆయన బండి గురించి అడిగాడు, ఒంటి గురించి కాదు. నాదీ పెద్ద శరీరమే. నేర్చుకునేటప్పుడు నేర్పేవాడు నన్ను చూసి "మేడం, బండి మీద దయ చూపండి" అని పక్కవాళ్ళతో కలిసి నవ్వాడు. మర్నాటి నుంచి వెళ్ళలేదు, మా అన్నయ్య బండి మీద నేర్చుకున్నాను. అది 110 కిలోల చిన్న బండే. కాళ్ళు రెండూ పూర్తిగా నేలకు ఆనేవి కాబట్టి భయం పోయింది. టెస్టులో ఎనిమిది వేయడం దానితో నల్లేరు మీద నడక. తమ్ముడూ, నవ్వేవాళ్ళ మాట పట్టుకుని బండి ఎంచుకోకు.

లెక్కల_మాస్టారు:
అంకెలు చూద్దాం. స్ప్లెండర్ 112 కిలోలు, ఈయన 108, మొత్తం 220. వంద మీటర్లకు పది మీటర్లు లేచే ఘాట్ మీద గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఎత్తుకు చేర్చడానికే సుమారు 2.2 కిలోవాట్లు కావాలి. 65 కిలోలవాడికైతే 1.7. ఇంజిన్ గరిష్ఠ శక్తి 5.9 కిలోవాట్ల దగ్గర. గాలి, టైర్ల రాపిడి కలిపినా మిగులుతుంది, గేరు దించుకోవాలి అంతే. అరవై కిలోల వాళ్ళిద్దరు అదే బండి మీద అలిపిరి నుంచి కొండెక్కితే వాళ్ళ బరువు ఈయనకన్నా ఎక్కువ. పైగా రెండో మనిషి వెనక చక్రం మీదే కూర్చుంటాడు. ఈయన బరువు రెండు చక్రాల మధ్య పడుతుంది.

టైరు సంగతి కూడా చూడండి. వెనక టైరు పక్కన 54 అని ఉంటే అది 212 కిలోలు మోయగలదని అర్థం. దాని దరిదాపులకు కూడా మీరు రారు.

ఎన్‌హెచ్65:
మాస్టారూ, ఎక్కడం గురించి చెప్పారు, ఆగడం మాటేమిటి? బరువు ఎక్కువైతే బ్రేక్ వేశాక ఎక్కువ దూరం పోతుంది. ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

లెక్కల_మాస్టారు:
తెలిసిందని అందరూ అనుకునేదే ఇది. టైరు పట్టు ఎంతవరకుందో అంతవరకు బ్రేక్ వేయగలిగితే ఆగే దూరం బరువును బట్టి మారదు. బరువు పెరిగిన కొద్దీ టైరు పట్టూ పెరుగుతుంది.

చైన్_స్పాకెట్:
మాస్టారూ, ఈ ఒక్కదాంట్లో ఆయనే కరెక్టు. మీరు చెప్పింది పుస్తకంలో సరే. 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకుతో ఆ పట్టు చివరిదాకా వెళ్ళాలంటే లివర్ గట్టిగా నొక్కాలి, కొత్తవాడు అంత నొక్కడు. 65 కిలోలవాడు ఆగిన చోటే ఆగాలంటే ఈ తమ్ముడికి నాలుగో వంతు ఎక్కువ బలం కావాలి. కొండ దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కితే ఇంకా కష్టం. రెండో గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగాలి. బాబాయి బండి తీసుకోగానే బ్రేక్ షూలు కొత్తవి వేయించుకో.

లెక్కల_మాస్టారు:
నేను "వేయగలిగితే" అని రాశాను. దయచేసి మళ్ళీ చదవండి.

ఎన్‌హెచ్65:
చూశారా, బ్రేకు చాలదని మెకానిక్ గారే ఒప్పుకున్నారు. గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, 125 సీసీ దాటిన బండికి 2019 నుంచి తప్పనిసరి. అంత బరువున్నవాడికి అది ఉండాలా వద్దా? 350కి ముందు డిస్క్, బలమైన ఛాసిస్, లాగే ఇంజిన్. షోరూంవాళ్ళు చెప్పింది ఈసారి నిజమే.

చైన్_స్పాకెట్:
చాలదని నేను అనలేదు, షూలు మార్చమన్నాను. ఇక 350 గురించి నేను మాట్లాడాల్సిందే. మా మేనల్లుడిదీ భారీ పర్సనాలిటీయే. అతనికీ ఇదే మాట చెప్పి 350 అంటగట్టారు. కొన్న నెలలోనే యూ టర్న్ తీసుకుంటూ ఇసుకలో ముందు బ్రేకు పట్టాడు. వేగం ఎంతో కాదు, నడిచే వేగమే. బండి పక్కకు ఒరిగింది, కాలు అడ్డం పెట్టాడు, చీలమండ విరిగింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350ల్లో హంటర్ 181 కిలోలు, క్లాసిక్ 195. స్ప్లెండర్ ఒరిగితే కాలితో ఆపుకోవచ్చు, అది ఒరిగితే పహిల్వాను కూడా వదిలేయాల్సిందే. కొత్తవాడు పడేది హైవే మీద కాదు. ఇంటి గేటు దగ్గర, పెట్రోల్ బంకులో, సిగ్నల్ దగ్గర పడతాడు. అక్కడ లెక్కకొచ్చేది బండి బరువు, మనిషి బరువు కాదు.

ఎన్‌హెచ్65:
మీ మేనల్లుడికి మీరు సరిగ్గా నేర్పించి ఉంటే పడేవాడు కాదు. మీ ఇంట్లో జరిగింది లోకమంతటికీ చుట్టకండి.

చైన్_స్పాకెట్:
మాట జారకండి. ఆ పిల్లాడు ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. మరి మీ చౌటుప్పల్ లారీ ఎవరింటి సంగతి?

గుంటూరు_గేర్:
అన్నలూ, కాస్త తగ్గండి. కుర్రాడు భయపడి బస్ పాస్ తీసుకునేట్టున్నాడు.

ఎన్‌హెచ్65:
తగ్గడం కాదు, మనసులో ఉన్నది చెప్పనివ్వండి. "ముందు చిన్నదానితో నేర్చుకో, పెద్దది తర్వాత చూద్దాం" అన్నారు మా ఇంట్లో. ఆ తర్వాత అనేది రానే లేదు. నేర్చుకున్నావు కదా, ఇది నడుస్తోంది కదా, ఇంకోటి దేనికి అన్నారు. ఏళ్ళ తరబడి అదే బండి మీద నడుము నొప్పితో హైవే ఎక్కాను. మనలాంటి ఇళ్ళలో మొదటి బండే ఆఖరి బండి. నేర్చుకోవడానికి ఒకటి, నడపడానికి ఒకటి కొనేవాళ్ళు ఎంతమంది? కాబట్టి మొదటిదే సరైనది కొనాలి. నా బాధ ఇదీ.

విశాఖ_రైడర్:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు. ఆయన అడిగింది దేని మీద నేర్చుకోవాలని, మీరు చెబుతున్నది ఏది కొనాలని.

చైన్_స్పాకెట్:
ఆ మాటకు విలువిస్తాను. నా షాపులోనూ అలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. కానీ రాని రెండో బండి కోసం మొదటి నెలలోనే కాలు పణంగా పెట్టమనలేను. హైవే సంగతికొస్తే, 65 కిలోలవాడు కూడా ఆ 100 సీసీతో ఆ లారీని సులువుగా దాటలేడు. వేగం పెరిగాక గాలి ఆపుతుంది, మనిషి బరువు కాదు. మీకు చాలనిది సీసీ. లైసెన్సు చేతికొచ్చి, చేయి కుదిరేదాకా ఊరికి బస్సులో వెళ్ళమంటాను.

ఎన్‌హెచ్65:
బస్సులో వెళ్ళేటట్టయితే బండి దేనికి? నాలుగు వరుసల రోడ్డు మీద టూ వీలర్‌కు కేంద్రం 2018లో పెట్టిన పరిమితి 80. ఆ 80ని కష్టపడకుండా అందుకునే బండి ఉండాలి.

లెక్కల_మాస్టారు:
అలాగైతే మీ ఇద్దరి షరతులకూ 350 అక్కర్లేదు. హోండా యూనికార్న్ 160 సీసీ బండి, 140 కిలోల దగ్గర, శక్తి 13 పీఎస్, అంటే సుమారు 9.6 కిలోవాట్లు. ఒరిగితే ఆపుకోవచ్చు, 80లో ఊపిరాడుతుంది, ముందు డిస్కుకు ఏబీఎస్ ఉంది, సీటు వెడల్పు.

సూర్యాపేట_కుర్రాడు:
అందరికీ థాంక్స్. బాబాయిని అడిగాను, స్ప్లెండర్ కొనక్కర్లేదు, రెండు నెలలు వాడుకుని తిరిగి ఇచ్చెయ్యి అన్నాడు. షాకబ్జర్లు, గాలి, లైటు చెప్పినట్టే చేయిస్తాను. డబ్బు అలాగే ఉంచి తర్వాత సెకండ్ హ్యాండ్‌లో 150-160 సీసీ చూస్తాను. అప్పటిదాకా ఊరికి బస్సే.

ఎన్‌హెచ్65:
రెండు నెలల తర్వాత ఇంట్లో "ఇది నడుస్తోంది కదా" అంటారు చూడు. ఇప్పుడే అమ్మానాన్నలతో మాట్లాడి, డబ్బు నీ ఖాతాలో పెట్టుకో.

లెక్కల_మాస్టారు:
బ్రేకుల విషయంలో నేను రాసింది తప్పని ఇంకా ఎవరూ చూపించలేదు.

చైన్_స్పాకెట్:
మాస్టారూ, ఒకసారి షాపుకు రండి. డ్రమ్ము విప్పి చూపిస్తాను.