అమ్మ శుక్లం ఆపరేషన్‌ను పీజీ డాక్టరు చేస్తారంటే ఒప్పుకోవచ్చా?

ప్రశ్న:
మా అమ్మగారికి 71 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ముందుగా కుడి కంటికి ఆపరేషన్ చేసి లెన్స్ అమర్చాలని ప్రభుత్వ బోధనాసుపత్రిలో చెప్పారు. పరీక్షలన్నీ చేసిందీ, సంతకం తీసుకున్నదీ మూడో సంవత్సరం పీజీ డాక్టరే. ఆపరేషన్ కూడా ఆయనే చేస్తారని, ప్రొఫెసరుగారు పక్కనే ఉంటారని నర్సు అన్నారు. ఎడమ కంట్లో రెటీనా మధ్యభాగం వయసు వల్ల దెబ్బతిన్నదని, శుక్లం తీసినా అందులో చూపు పెద్దగా రాదని కూడా చెప్పారు. ప్రైవేటుకు వెళ్లే స్తోమత మాకు అంతంతమాత్రమే. నేర్చుకుంటున్నవారి చేతికి అమ్మ కన్ను అప్పగించడం సబబేనా?

జవాబు 1:
నేను కంటి వైద్యుడిని. నా శిక్షణ కూడా ప్రభుత్వాసుపత్రిలోనే జరిగింది. చాలామంది హౌస్ సర్జనునూ పీజీనీ ఒకే గాటన కడతారు గాని, హౌస్ సర్జను కంటి ఆపరేషన్ చేయరు. పీజీ అంటే ఎంబీబీఎస్ పూర్తయ్యాక మూడేళ్ల ఎంఎస్ చదువుతున్న వైద్యులు. వారు మొదట మేక కళ్ల మీద, వసతి ఉన్నచోట సిమ్యులేటర్ మీద చేయి తిప్పుకొని, ఆ తరువాత సీనియర్ చేసే ఆపరేషన్‌లో ఒక్కొక్క దశను మాత్రమే చేస్తూ, చివరకు మొత్తం ఆపరేషన్ చేసే స్థాయికి చేరుతారు. కష్టమంతా లెన్సు వెనుక ఉండే పొర దగ్గరే ఉంటుంది. కొన్ని మైక్రాన్ల మందమే ఉండే ఆ పొర చిరిగితే కంటి లోపలి జిగురు పదార్థం (విట్రియస్) ముందుకు వస్తుంది, ఆపరేషన్ స్వరూపమే మారిపోతుంది. శిక్షణలో ఉన్నవారి చేతిలో ఇలా జరిగే అవకాశం కొంత ఎక్కువన్నది నిజమే. అయితే సీనియర్ వెంటనే ఆపరేషన్‌ను తన చేతిలోకి తీసుకొని సరిచేస్తే చాలా కళ్లకు మంచి చూపే వస్తుంది. కనుక ప్రొఫెసరుగారు ఆ గదిలో ఉంటారా అని కాదు, సహాయకుల మైక్రోస్కోపులో మొదటి నుంచి చివరి దాకా చూస్తూ ఉంటారా అని అడగండి.

మీ విషయంలో ఇంకొకటి ఉంది. ఎడమ కంటి చూపు మీద ఆశ లేకపోతే అమ్మగారికి మిగిలింది కుడి కన్ను ఒక్కటే. అటువంటి కంటిని సాధారణంగా అనుభవజ్ఞులే చేస్తారు. కంటిపాప సరిగా విప్పారని కన్ను, శుక్లం పూర్తిగా తెల్లబడిన కన్ను కూడా అంతే. మీరు ఆ మాట ఎత్తితే ఎవరూ తప్పుపట్టరు.

జవాబు 2:
మా మామగారికి ఇలాగే పీజీ డాక్టరు చేశారు, చూపు బాగుంది. కాని మత్తు కంటికి మాత్రమే ఇస్తారు కాబట్టి, సీనియర్ పీజీతో "అక్కడ కాదు, కొంచెం కిందికి" అన్న మాటలన్నీ పెద్దాయన వింటూ పడుకొని బాగా కంగారుపడ్డారు. అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పండి.

జవాబు 3:
డబ్బు కట్టగలిగినవారు డాక్టరును ఎంచుకుంటారు, కట్టలేనివారి కళ్ల మీద చదువు సాగుతుంది. ఈ మాట పైన ఎవరూ అనలేదు. ఎవరు చేస్తారో చెప్పకుండా సంతకం తీసుకోవడం సరైన అంగీకారం కాదు.

జవాబు 1 రాసినవారు:
ఆ అభ్యంతరంతో నేనూ ఏకీభవిస్తాను. ఎవరు చేస్తారో, ఎవరు పర్యవేక్షిస్తారో రోగికి ముందే చెప్పాలి. అయితే పెద్ద ప్రైవేటు, ట్రస్టు కంటి ఆసుపత్రులలో కూడా డీఎన్‌బీ (ఎంఎస్ వంటి పీజీ కోర్సు) విద్యార్థులు, పీజీ ముగించి పైశిక్షణలో ఉన్న ఫెలోలు ఆపరేషన్లు నేర్చుకుంటూనే ఉంటారు. బ్రిటన్‌లో శిక్షణ ముగిసేలోగా 350 శుక్లం ఆపరేషన్లు చేసి ఉండాలన్న నియమం ఉంది. మన దగ్గర ఒక కళాశాలకూ మరో కళాశాలకూ ఈ అనుభవంలో చాలా తేడా కనిపిస్తుంది. అందువల్ల ఎన్ని కేసులు చేశారని మర్యాదగా అడగవచ్చు.

ఎడమ కంటి గురించి: వయసు వల్ల వచ్చిన ఆ రెటీనా జబ్బు పొడి రకమా, నీరు చేరే తడి రకమా అన్నది రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌తో తేల్చుకోండి. తడి రకమైతే నీరు కార్చే కొత్త రక్తనాళాలను అణచే యాంటీ-వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు కంట్లోకి ఇస్తారు. పర్యవేక్షణలో పీజీలు కూడా ఇచ్చే చికిత్స అది, దానికి భయపడనవసరం లేదు. కుడి కంటికి కూడా ఆపరేషన్‌కు ముందే ఓసీటీ తీయించండి. తలుపు చట్రం వంటి తిన్నని గీతలు ఒక్కో కంటికి వంకరగా కనిపిస్తున్నాయేమో ఇంట్లోనే అప్పుడప్పుడూ అడుగుతూ, తేడా వస్తే తదుపరి తేదీ కోసం ఆగకుండా చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
కుడి కన్ను ఒక్కటే మిగిలిందన్న కోణం నాకు తట్టలేదు. సోమవారం ఓపీలో ప్రొఫెసరుగారినే కలిసి అడుగుతాను.