సాహసం అనే మాట, సాహస నవలలు

సాహస నవల అంటాం, సాహసగాథ అంటాం. ఈ "సాహసం" అనే మాట కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. గుంపులో పెద్దల ముందు పెడుతున్నాను.

కారణం ఇది. రెండు నెలలుగా ఒక ఫాంటసీ నవలను తెలుగు చేస్తున్నాను. నాలుగు వందల పేజీల్లో సగానికి పైగా పోరాటాలే. మొదటి వంద పేజీలు నిద్ర మానుకుని చదివాను. అందులో మొదటి పోరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక అమ్మాయి, ఒక రెక్కల మృగం, ఇరుకైన రాతి అంచు. అమ్మాయి దగ్గర ఉన్నదల్లా తల్లి ఇచ్చిన చిన్న కత్తి. మృగం పొట్టలో దిగిన ఆ కత్తి దాంతోపాటే లోయలో పడిపోతుంది. ఆ తర్వాత ఎన్నో పేజీల దాకా, భయం వేసినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి నడుము దగ్గరి ఖాళీ ఒర మీదికే పోతుంది. రచయిత ఎక్కడా "ఆమెకు తల్లి గుర్తొచ్చింది" అని రాయలేదు. ఒర ఒక్కటే చెబుతుంది. చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడింది.

అదే అమ్మాయి పదకొండో పోరుకు వచ్చేసరికి అరచేతుల్లోంచి నిప్పు కురిపిస్తోంది. ఎదురుగా మూడు వందల మంది. ఆ నిప్పు ఎప్పుడు అయిపోతుందో, అసలు అయిపోతుందో లేదో చెప్పలేదు. పన్నెండు పేజీల పాటు కోటలు కూలాయి, ఆకాశం చీలింది. నేను మాత్రం ఎన్ని పేజీలు మిగిలాయా అని వేళ్లతో చూసుకుంటున్నాను. మొదటి పోరుకు ఊపిరి బిగబట్టినవాణ్ని, పదకొండో పోరుకు ఎందుకు విసుక్కున్నాను? రచయిత అదే, అమ్మాయి అదే, చదివేది నేనే. నాకు దారి చూపింది నిఘంటువు.

సంస్కృతంలో సహస్ అంటే బలం. సహసా అంటే బలంతో అని. దూకుడుగా చేసే పని ఉన్నట్టుండి జరుగుతుంది కాబట్టి "హఠాత్తుగా" అనే అర్థం కూడా వచ్చింది. బలప్రయోగంతో చేసిన పని సాహసం. పాత ధర్మశాస్త్రాల్లో ఇది మెప్పుకోలు మాట కానే కాదు, నేరం పేరు. మనుస్మృతి 8వ అధ్యాయంలో లెక్కపెట్టిన 18 వ్యవహారపదాల్లో, అంటే రాజు విచారించే వివాదాల రకాల్లో, సాహసం ఒకటి. చాటుగా ఎత్తుకుపోతే దొంగతనం, సొంతదారు కళ్లముందే బలవంతంగా లాక్కుంటే సాహసం. సాహసం చేసేవాడు దొంగకంటే పాపిష్ఠి అని కూడా అక్కడే ఉంది.

ఇంకో విశేషం. నేరానికి వేసే జరిమానా మెట్లకూ ఇదే పేరు. ప్రథమ సాహసం 250 పణాలు (పణం అప్పటి నాణెం), మధ్యమ సాహసం 500, ఉత్తమ సాహసం 1000. చేసిన పనికీ, దానికి చెల్లించే దండుగకీ ఒకటే మాట! ఇది చూసినప్పుడు నాకు ఆ ఖాళీ ఒర గుర్తొచ్చింది.

మాట తర్వాత మంచివైపు తిరిగింది. విక్రమార్కుడికి సాహసాంకుడని బిరుదు. 11వ శతాబ్దం మొదట్లో సంస్కృత కవి పద్మగుప్తుడు తన రాజు సింధురాజును కొత్త సాహసాంకుడిగా నిలిపి "నవసాహసాంక చరితం" రాశాడు. రాజు నాగలోకానికి వెళ్లి, అసురుణ్ని గెలిచి, బంగారు తామర తెచ్చి, నాగకన్యను పెళ్లాడతాడు. ఈనాడు రాస్తే ఫాంటసీ అరలోనే పెడతాం. అంటే అప్పటికే సాహసం నేరస్థుడి చేతుల్లోంచి వీరుడి చేతుల్లోకి వచ్చేసింది.

అయినా తెలుగులో పాత వాసన పూర్తిగా పోలేదు. "ఎంత సాహసం!" అన్నది మెచ్చుకోలో, గద్దింపో గొంతును బట్టే తెలుస్తుంది. "నోరు విప్పే సాహసం చెయ్యలేదు" అన్నప్పుడు విప్పితే ఏదో మూడుతుందన్న భయం ఉంది. ఏదో మూడుతుందన్న భయం లేని చోట ఈ మాట నిలవదు. "అన్నం తినే సాహసం చేశాడు" అని ఎవరూ అనరు.

నా మనసులో మాట ఇదీ. మంచి సాహస నవలలో సాహసం పాత, కొత్త అర్థాలతో కలిసి ఉంటుంది. బలం ఉంటుంది, తొందరపాటు ఉంటుంది, దండుగ కూడా ఉంటుంది. చెడ్డ నవలలో బలం ఒక్కటే మిగులుతుంది.

ఈ నవలల్ని తేలిగ్గా చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది. పరుగెత్తే కథ రాయడం చిన్న పని కాదు. కుర్చీలో కూర్చున్న మనిషికి అరచేతుల్లో చెమట పట్టించడం, లేని మృగానికి భయపడేలా చెయ్యడం, తెల్లారేదాకా పుస్తకం మూయనివ్వకపోవడం గొప్ప విద్య. చదవడం అలవాటు లేని పిల్లలు ఎందరో ఈ తలుపులోంచే పుస్తకాల్లోకి వచ్చారు. నేనూ అలా వచ్చినవాణ్నే. పైగా కొన్ని ప్రశ్నలు పోరులోనే తేలతాయి. ఫలానావాడు పిరికివాడా కాదా అన్నది వంద పేజీల ఆలోచనల్లో తేలకపోవచ్చు, వంతెన విరుగుతున్నప్పుడు ఒక్క క్షణంలో తేలిపోతుంది.

అందుకే మీ ముందు రెండు ప్రశ్నలు. "యాక్షన్" అని మనం వాడుకునేదానికి సాహసం సరిపోతుందా, వేరే మాట ఉందా? రెండోది, పోరాట వర్ణనకు తెలుగు వాక్యం ఎలా ఉంటే బాగుంటుంది? నా అనువాదం ఆ దగ్గరే తడబడుతోంది.

వ్యాఖ్య: సహసా అనగానే సంస్కృత కవి భారవి గుర్తుకు రావాలి కదండీ.
"సహసా విదధీత న క్రియామ్ అవివేకః పరమాపదాం పదమ్ । వృణతే హి విమృశ్యకారిణం గుణలుబ్ధాః స్వయమేవ సంపదః ॥"
తొందరపడి ఏ పనీ చెయ్యకూడదు, అవివేకం పెద్ద ఆపదలకు చోటు, ఆలోచించి చేసేవాణ్ని సంపదలే వచ్చి వరిస్తాయి అని. కిరాతార్జునీయం రెండో సర్గలో ధర్మరాజు భీముడికి చెబుతాడు. సాహస నవలల్లో వీరులందరికీ ఈ శ్లోకం వినిపించాలి.

జవాబు: వినిపిస్తే కథే ఉండదండీ! అయితే ఆ కావ్యం నా వాదనకు పెద్ద సాక్ష్యం. ఆలోచించి అడుగు వెయ్యమన్న కావ్యమే చివరికి అర్జునుడికీ కిరాత వేషంలో ఉన్న శివుడికీ పోరుగా ముగుస్తుంది. ఆ పోరు నడిచే తీరు చూడండి. అర్జునుడి బాణాలు అయిపోతాయి, విల్లు పోతుంది, కత్తి విరుగుతుంది. ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ ఉత్త చేతుల కుస్తీకి దిగుతాడు. పైకెగిరిన శివుడి కాళ్లు పట్టుకున్నాక గానీ అసలు సంగతి తెలియదు. పోరు పెరిగేకొద్దీ వీరుడి చేతిలో ఉన్నది తగ్గుతూ వచ్చింది. నా పదకొండో పోరులో అంతా తలకిందులు.

అదే కావ్యంలో నాకు నచ్చని చోటూ ఉంది. పదిహేనో సర్గలో యుద్ధం మధ్యన చిత్రకవిత్వం వస్తుంది. "న నోననున్నో" అంటూ దాదాపు ఒకే హల్లుతో నడిచే శ్లోకం ఉంది. కవి పాండిత్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ కాసేపు అర్జునుణ్ని మర్చిపోయి కవినే చూస్తాం. నేటి నవలల్లో పేజీల కొద్దీ మంత్రాల మెరుపులు రాసేటప్పుడు జరిగేదీ అదే.

వ్యాఖ్య: దండుగ అనే మాట కూడా గమనించండి. ముందు జరిమానా, ఇప్పుడు వ్యర్థం. మీ పదకొండో పోరు రెండో అర్థంలో దండుగ.

వ్యాఖ్య: నేను ఒప్పుకోను. పగలంతా పనిచేసి వచ్చినవాడికి రాత్రి పుస్తకంలోనూ దండుగ కట్టమంటే ఎలా? మనవాడు గెలవాలి, బాగా గెలవాలి. ఆ ఆనందం తక్కువది కాదు. వీరరసానికి స్థాయి, అంటే మూలభావం, ఉత్సాహం అన్నారు నాట్యశాస్త్రం చెప్పిన భరతులవారు, దుఃఖం అనలేదు. "వీరాచ్చైవాద్భుతోత్పత్తిః", వీరంలోంచే అద్భుతం పుడుతుందనీ చెప్పారు. ఫాంటసీకి అంతకంటే చక్కటి నిర్వచనం ఏముంది?

జవాబు: ఉత్సాహం గురించి మీ మాట నిజం, నేను దాన్ని తక్కువ చేసినట్టు రాసి ఉంటే సరిదిద్దుకుంటాను. గెలుపు చూడాలన్న కోరిక నాకూ ఉంది. అద్భుతానికి స్థాయి విస్మయం. విస్మయం కలగాలంటే ముందు ఇంతవరకే వీలవుతుంది అన్న గీత మనకు తెలియాలి. గీత తెలియకపోతే దాటినప్పుడు ఆశ్చర్యం ఎక్కడిది? దండుగ అంటే నేను ఏడుపు అనుకోవడం లేదు, ఆ గీత అనుకుంటున్నాను.

మన కథల్లో ఈ గీత ఎంత బాగా గీశారో. పట్టువదలని విక్రమార్కుణ్ని తీసుకోండి. శవాన్ని భుజాన వేసుకుని నడవడమే ఆ సాహసమంతా, మధ్యలో కత్తి దూసే పని లేదు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు చూసినా చెల్లించాల్సిందే. అందుకే అన్నిసార్లు అదే చెట్టు, అదే నడక అయినా విసుగు రాదు.

వ్యాఖ్య: మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండటం కూడా అదే గీత కదా! ఏడు సముద్రాల అవతల, చెట్టు తొర్రలో, పంజరంలో. ఎంత బలవంతుడికైనా మెడ నులమదగ్గ చోటు ఒకటుంది. ఇప్పటి నవలల్లో దుష్టుడికి చిలక ఉండటం లేదు. ఉత్త బలం ఉంటోంది, దాన్ని ఇంకా పెద్ద బలంతో కొడుతున్నారు.

జవాబు: ఎంత బాగా చెప్పారండీ. చిలక ఉంటే ప్రయాణం ఉంటుంది, వెతుకులాట ఉంటుంది, తెలివి కావాలి. చిలక లేకపోతే పోటీ అంతా బలాబలాలదే.

వ్యాఖ్య: మాట విషయానికి వద్దాం. యాక్షన్‌కు సాహసం సరిపోదు. సాహసం మనిషి చేసే నిర్ణయం, యాక్షన్ బయటికి కనబడే కదలిక. అటక మీద దాక్కుని ఊపిరి బిగబట్టినవాడిదీ సాహసమే, అక్కడ కదలికే లేదు. ఇలాంటి నవలల్ని ఇంగ్లీషులో ఏమనాలని అడిగితే 1961లో అమెరికన్ రచయిత ఫ్రిట్జ్ లైబర్ "స్వోర్డ్ అండ్ సోర్సరీ" అని పేరు పెట్టారు. కత్తీ, మంత్రమూ. ఆ పేరులో పరికరాలున్నాయి, మనిషి లేడు. మన "సాహస నవల"లో మనిషి ఉన్నాడు. అచ్చతెలుగులో కావాలంటే తెగువ ఉంది. తెగడం లోంచి వచ్చిన మాట. ఏదో ఒక బంధం తెంచుకున్నవాడే తెగించేది.

జవాబు: తెగువలో కూడా పోగొట్టుకోవడం దాగి ఉందన్నమాట! ఇది నాకు తట్టనేలేదు. కదలికకు "యాక్షన్" అనే ఉంచేస్తాను, అందరికీ తెలిసిన మాటే.

వ్యాఖ్య: మీ రెండో ప్రశ్నకు. చాలా అనువాదాల్లో "దొర్లింది. అందుకుంది. లేచింది. గెంతింది. వంగింది. పొడిచింది." అని వరస పెడతారు. ఇంగ్లీషులో పొట్టి వాక్యం వేగం. తెలుగులో ప్రతి వాక్యం సమాపక క్రియ, అంటే పని ముగిసిందని చెప్పే క్రియ, దగ్గర ఆగుతుంది, ఆరు వాక్యాలంటే ఆరు బ్రేకులు. మన వేగం పని ఇంకా ముగియలేదని చెప్పే అసమాపక క్రియల్లో ఉంది. దొర్లి, అందుకుని, లేచి అంటూ గొలుసులా లాక్కెళ్లాలి, ఎక్కడ గుండె ఆగాలో అక్కడే ఆపాలి. ఇంకోటి, పేజీకి నాలుగు "చటుక్కున", మూడు "గభాలున" పడితే దేనికీ విలువ ఉండదు. ఆ మాటల్ని దాచుకుని వాడండి.

జవాబు: రాత్రి కూర్చుని ఆ మొదటి పోరు మళ్లీ రాశాను. ఆరు చోట్ల ఉన్న "చటుక్కున" అన్నీ తీసేశాను. నిర్ణయానికి ముందు మూలంలో ఉన్న ఒక్క వాక్యాన్ని తొందరలో వదిలేశానని ఇప్పుడు గమనించాను, అదీ వెనక్కి తెచ్చాను. చూసి చెప్పండి:

"దొర్లుతూనే కత్తి అందుకుని మోకాలి మీద లేవబోయేసరికి మృగం ఉరకనే ఉరికింది. ఆమె తల వంచింది. నెత్తి మీదుగా తెల్లటి పొట్ట సాగిపోతోంది, చేతికందేంత దగ్గరగా. ఇక్కడ పొడిస్తే కత్తి మళ్లీ చేతికి రాదు. అమ్మ కత్తి. పొడిచింది."