కుట్లు చీము పడితే తప్పు పప్పుదా, ఆసుపత్రిదా?

కావలి అబ్బాయి:
మా అమ్మకి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది, లోపల మెష్ (వల లాంటి ముక్క) వేశారు. నాలుగో రోజు ఇంటికి పంపించారు. తొమ్మిదో రోజు కుట్లు ఎర్రబడి, మర్నాటికి చీము. మా మేనత్తేమో "పప్పన్నం పెట్టారు గదా, చీము పట్టకుండా ఎట్టుంటది" అంటోంది. ఆసుపత్రివాళ్ళేమో "ఇంటికెళ్ళాక వచ్చింది, మాకు సంబంధం లేదు" అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఒంగోలు సిస్టర్:
ఇరవై ఏళ్ళుగా సర్జికల్ వార్డులో ఉన్నాను. పప్పు తింటే చీము పట్టదు తమ్ముడూ, పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పూ పెట్టండి, గుడ్డూ పెట్టండి. ఇంటికెళ్ళాక వచ్చిందన్న మాట కూడా చెల్లదు. పైపైన వచ్చే ఇన్ఫెక్షన్‌ని 30 రోజుల వరకు, మెష్ వేసినప్పుడు లోతుగా వచ్చేదాన్ని 90 రోజుల వరకు ఆపరేషన్ లెక్కలోనే రాస్తారు. ఇంతకీ ఆపరేషన్‌కి ముందు కోత పెట్టే చోట వెంట్రుకలు ఎట్టా తీశారు? అమ్మకి షుగరుందా?

కావలి అబ్బాయి:
ముందురోజు సాయంత్రం వార్డుబాయ్ వచ్చి రేజర్‌తో గీకాడు. రెండుచోట్ల తెగి రక్తం చుక్కలు వస్తే పౌడర్ అద్ది పోయాడు. షుగర్ ఆ రోజు 240.

పెన్నా గట్టు:
అందరూ ఆసుపత్రి మీదే పడతారేంది? మా నాయన ఆపరేషన్‌కి పన్నెండు మంది చుట్టాలు దిగారు. మంచం మీదే కూర్చున్నారు. మా పెద్దమ్మయితే బస్సు దిగిన చేతుల్తోనే కట్టు పైకెత్తి "ఎన్ని కుట్లు పడ్డాయిరా" అని లెక్కపెట్టింది!

ఒంగోలు సిస్టర్:
మీ పెద్దమ్మని నేనైతే వార్డులోంచి పంపించేసేదాన్ని. కానీ మూసి కుట్టిన గాయం అంచులు ఒకటి రెండు రోజుల్లో అతుక్కుంటాయి. క్రిములు ఎక్కువగా చేరేది థియేటర్లో గాయం తెరిచి ఉన్నప్పుడే, అదీ చాలాసార్లు పేషెంటు చర్మం మీదవే. రేజర్ గాట్లలో అవి రాత్రంతా పెరుగుతాయి. అందుకే గీకొద్దని, తప్పదంటే క్లిప్పర్‌తో కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మా దగ్గరా రేజర్ మాన్పించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

థియేటర్ టెక్నీషియన్:
అన్నీ సక్రమంగా చేసినా కొందరికి వస్తుందండీ. పైగా 240 షుగర్. ఒక్క రేజర్‌ని పట్టుకుని కేసులు వేస్తామంటే ఎట్టా?

ఒంగోలు సిస్టర్:
కేసు వెయ్యమని నేననలేదు. అత్యవసరం కాని ఆపరేషన్‌కి షుగర్ తగ్గేదాకా ఎందుకు ఆగలేదు అంటున్నా. యాంటీబయోటిక్ ఇంజెక్షన్ కోత పెట్టేముందు రెండు గంటల్లోపు పడిందా అనేది కూడా చూడాలి. అది కేస్‌షీట్‌లో ఉంటుంది. అడిగిన 72 గంటల్లో కాపీ ఇవ్వాలి. చీములో ఏ క్రిమి ఉందో తెలియడానికి కల్చర్ పరీక్షకి పంపారా?

కావలి అబ్బాయి:
పంపాం అక్కా. డిశ్చార్జి కాగితంలో ఇంజెక్షన్ పేరే ఉంది, టైము లేదు. రేపు పొద్దున్నే పోయి కేస్‌షీట్ కాపీ కావాలని రాసిస్తాను. మేనత్త ఇవాళ కూడా అమ్మకి ఉత్త చారన్నమే పంపింది.