చేనేత మాటల మీద పీహెచ్‌డీ: లైబ్రరీలో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కండెలపిల్ల:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో భాషాశాస్త్రం పీహెచ్‌డీలో ఈ మధ్యే చేరాను. మాది చీరాల పక్క ఊరు, నేతపని ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూర్చుంటే పక్కన కండెలు చుడుతూ పెరిగినదాన్ని. టాపిక్ కూడా అదే పెట్టుకున్నా: నేత మాటలు ఊరూరికీ ఎలా మారతాయి, వాటిలో ఏవి వాడుక తప్పిపోతున్నాయి అని. మగ్గం మీద పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే సాధనాన్ని మేం 'నాడె' అంటాం, దాన్నే మా మేనత్త అత్తారింట్లో 'నాడా' అంటారు. ఇలాంటివి నోటుబుక్కులో 140 దాకా ఉన్నాయి.

చిక్కంతా లైబ్రరీతోనే. ఓరియంటేషన్ అని 40 నిమిషాలు స్లైడ్లు చూపించి పంపేశారు. కేటలాగులో ఇంగ్లీషులో 'తెలుగు డయలెక్ట్' అని కొడితే వేలల్లో వస్తున్నాయి, సగం కంప్యూటర్ సైన్సువే. 'చేనేత' అని కొడితే సున్నా. గైడుగారేమో నెలాఖరుకి పూర్వ పరిశోధనల సమీక్ష కావాలంటున్నారు. మూడు రోజులు ఆ ఏసీ హాల్లో కూర్చుని జలుబు తెచ్చుకున్నా, అంతే.

పాతసీనియర్:
ముందు ఆ కంప్యూటర్ ముందునుంచి లే చెల్లీ. మీ లైబ్రరీ డ్యూయీ పద్ధతిలో, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చి, సర్దింది అయితే తెలుగు భాష 494.827 దగ్గర ఉంటుంది. ఆ అరల వెంట పుస్తకాల వెన్నులు చదువుకుంటూ నడువు. 894.827 దగ్గర తేలావంటే అది సాహిత్యం. నేను మొదటి వారమంతా అక్కడే తిరిగి, మన సబ్జెక్టులో పుస్తకాలే లేవని మా మేడమ్‌కి ఫిర్యాదు కూడా చేశాను.

నీ పనికి పుట్టిల్లు లాంటి పుస్తకం మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పని, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. మొదటి సంపుటం వ్యవసాయం, 1962. రెండోది అచ్చంగా చేనేత, 1971. మొదటిది మనది కాదులే అని వదిలెయ్యకు. తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీసింది ఆ సేకరణ ఆధారంతోనే. నీ 140 మాటలకు ఊళ్ళ పేర్లు రాసుకున్నావా? లేకపోతే ఇవాళే రాసుకో.

కేటలాగులో దొరకలేదంటే పుస్తకం లేదని కాదు. 'వృత్తి'ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఆర్ పక్కన ఐ పెట్టి కొడతారు, ఒకరు యూ పెట్టి, ఇంకొకరు ఒక టీ మింగేసి. కృష్ణమూర్తిగారు తన పేరు చివర హెచ్ లేకుండా రాసుకునేవారు, టైపు చేసేవాళ్ళు తోచినప్పుడల్లా తగిలిస్తారు. అన్ని రకాలుగానూ కొట్టి చూడు.

తర్వాత బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు. ద్రావిడ భాషల్లో ఒకే మూలం నుంచి వచ్చిన మాటల్ని ఒకచోట చేర్చి చూపిస్తుంది. అందులో తమిళ మాట ముందుంటుంది, మన 'నేయు' తమిళ 'నెయ్' కిందికి పోతుంది. నేరుగా తెలుగు మాట కోసం పేజీలు తిప్పితే పొద్దు గడిచిపోతుంది. వెనక భాషలవారీ సూచికలున్నాయి, అక్కడ నంబరు పట్టుకుని ముందుకి రా. షికాగో యూనివర్సిటీ వాళ్ళ డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఇదీ, బ్రౌన్, గ్విన్‌ల తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులూ ఉచితంగానే ఉన్నాయి.

కౌంటరుమాస్టారు:
లైబ్రరీ ఉద్యోగిని కాబట్టి నాలుగు మాటలు. స్లైడ్ల విషయంలో మీ బాధ న్యాయమే తల్లీ, చూపించే మాకూ నిద్రే.

దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో మీ టాపిక్‌కి దగ్గరగా ఒక్క సిద్ధాంత గ్రంథం దొరికినా చాలు. అక్కడ అధ్యాయాలు వేరువేరు ఫైళ్ళుగా ఉంటాయి. మొదటి అధ్యాయం కాదు, చివర ఉండే ఉపయుక్త గ్రంథాల ఫైలు ముందు దించుకోండి. అది చేతిలో ఉంటే మా కౌంటరు దగ్గరికి వచ్చి 'ఏమైనా ఉన్నాయా' అనరు, 'ఇది ఉందా' అంటారు. ఆ తేడా మాకు చాలా పెద్దది. తెలుగులో రాసిన గ్రంథాలు చాలావరకు స్కాన్ బొమ్మలు, లోపల వెతికితే మాట దొరకదు, కళ్ళతో చదవాల్సిందే.

పత్రికలకైతే, మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 13 వేలకు పైగా జర్నల్స్ అందుబాటులో ఉన్నాయి. హాస్టల్ నుంచి తెరుచుకోకపోతే లాగిన్ అడిగి తీసుకోండి. మన సబ్జెక్టుకి ముఖ్యమైనది మాత్రం తిరువనంతపురం నుంచి వచ్చే ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్, 1972లో మొదలైంది. పాత సంచికలు బైండు చేసి ఏ మూలో పెట్టి ఉంటారు. దుమ్ముకి తుమ్ములొస్తాయి, రుమాలు ఉంచుకోండి.

గోదారిగట్టు:
ఒక్క హెచ్చరిక. నేను ఏఐని అడిగితే తెలుగు మాండలికాల మీద పది పుస్తకాల జాబితా చక్కగా ఇచ్చింది. నాలుగు ఈ భూమ్మీద లేవు. వాటికోసం రెండు లైబ్రరీలు తిరిగాను. కేటలాగులోనో అరలోనో కంటితో చూడకుండా ఏదీ రాసుకోవద్దు.

కండెలపిల్ల:
అందరికీ థాంక్స్. చేనేత సంపుటం మా మెయిన్ లైబ్రరీ కేటలాగులో ఏ స్పెల్లింగుతోనూ దొరకలేదు. తెలుగు శాఖ గదిలో బీరువా తీయించి చూస్తే ఉంది, అట్ట ఊడిపోయి. ఇంటికివ్వరట, జిరాక్సుకి ఒప్పుకున్నారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాన్నకి ఫోన్లో చదివి వినిపించా. నాలుగు మాటలకోసారి ఆపి, 'ఇది మీ తాత అనేవాడే' అంటున్నాడు. మూడో పేజీ దాటేసరికి ఛార్జింగ్ అయిపోయింది.