వనామీ రొయ్య చప్ప నీళ్లకి ఎలా తట్టుకుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండీ, మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర. సముద్రం వైపు చెరువులో సెలినిటీ (నీళ్లలో ఉప్పు) 25 పిపిటి దాకా, అంటే లీటరుకి సుమారు 25 గ్రాముల ఉప్పు దాకా ఉంటుంది, లోపలి చెరువుకి బోరు నీళ్లే, 5 పిపిటి దాటదు. రెండిట్లోనూ వనామీ బతుకుతోంది గానీ, చప్ప నీళ్లలో గుల్ల విడిచాక గట్టిపడటానికి చాలా టైం పడుతోంది. చెక్‌ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తితే వేలితో నొక్కగానే సొట్టపడే రొయ్యలు, ఒళ్లు తెల్లబడి తోక వంకర తిరిగి మళ్లీ చాపలేనివి కనపడుతున్నాయి, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

నేను చదివినదాన్ని బట్టి, రొయ్య రక్తంలో ఉప్పు దాదాపు 25 పిపిటి నీటితో సమానం. అంతకన్నా చప్పనైతే మొప్పల్లోని కణాలు ఆగకుండా ఉప్పుని లోపలికి లాక్కోవాలి, ఆ పనికి పొటాషియం కావాలి. సముద్రపు నీళ్లలో పొటాషియం కన్నా సోడియం సుమారు 28 రెట్లు ఎక్కువ. మా బోరు నీళ్లు టెస్ట్ చేయిస్తే, సోడియంతో పోల్చి ఆ లెక్కన ఉండాల్సిన పొటాషియంలో పావు వంతు కూడా లేదు. పొటాష్ వేస్తున్నాం, అయినా తేడా తక్కువే. మెగ్నీషియం కూడా సరిచేయాలా? మేతకి పోవాల్సిన శక్తంతా ఈ ఉప్పు లాగడానికే పోతోందా?

ఇంకొకటి, నాకు ఎక్కువ ఆసక్తి దీని మీదే. వనామీ మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. పెద్దవి సముద్రంలో గుడ్లు పెడతాయి, పిల్లలు నదులు కలిసే చోట పెరుగుతాయి. వానలకి ఉప్పు మారిపోయే ఆ నీళ్లలో తట్టుకున్నవే మిగిలి ఈ గుణం వచ్చిందా, లేక పూర్వీకుల నుంచే ఉందా? అలాగైతే చప్ప నీళ్లలో బాగా పెరిగినవాటినే తల్లి రొయ్యలుగా ఎంచుకుంటూ పోతే కొన్ని తరాల్లో ఫలితం ఉంటుందా? జువాలజీ, ఫిషరీస్ చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.