ఏళ్లుగా కదలని యెజ్డీ: ముందు కిక్కు కొట్టి చూడాలా, ఇంజను విప్పాలా? (మారుపేర్లతో సాగిన చర్చ)

మేనమామ బండి:
భీమవరం దగ్గరి మా ఊళ్లో మా మేనమామ గారి యెజ్డీ 250 చాలా ఏళ్లుగా రేకుల షెడ్డులో నిలబడి ఉంది. 1970లలో మైసూరు ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన బండి. టూ-స్ట్రోక్ ఇంజను (పెట్రోలులోనే ఆయిలు కలిపి నడిపేది), ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు, డైనమో, 6 వోల్టుల బ్యాటరీ. ప్లగ్గు బిగించే ఉంది, కార్బురేటరు ఉంది, కానీ ఎడమ సైలెన్సరును ఎప్పుడో ఎవరో పైపుతో సహా విప్పి గోడకు ఆనించారు. కిక్ రాడ్డు బరువుగానైనా దిగుతోంది కాబట్టి పిస్టన్ పట్టేయలేదనుకుంటున్నాను. నేను మెకానిక్‌ను కాను, సొంత బండికి చిన్న పనులు చేసుకునే అలవాటు మాత్రం ఉంది. మా ఊరి మెకానిక్ కార్బురేటరు కడిగి, కొత్త పెట్రోలు పోసి కిక్కు కొడితే చాలంటున్నాడు. యెజ్డీలు నడిపే మిత్రుడొకరు ఇంజను దించి, కేసు (ఇంజను అడుగు పెట్టె) రెండుగా విప్పి చూడకుండా ఒక్క కిక్కు కూడా కొట్టవద్దంటున్నారు. ఎవరి మాట వినాలో కారణాలతో చెప్పగలరా?

ఆటోనగర్ నీడ:
మీ ఊరి మెకానిక్ మాటే వినండి. విప్పమని చెప్పడం తేలిక, విప్పినదాన్ని కూర్చడమే కష్టం. విప్పేసి, ఆ తరువాత ఓపిక చాలక గోనెసంచిలో మిగిలిపోయిన ఇంజన్లను విజయవాడ ఆటోనగర్‌లో లెక్కలేనన్ని చూశాను. కొత్తవారి చేతిలో మొదట అరిగిపోయేవి కేసు స్క్రూల తలలు. ఆ తరువాత, రెండు సగాల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే అల్యూమినియం అంచు మీద పడే గాటును ఏ ప్యాకింగూ పూర్తిగా మూయలేదు.

ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొద్దిగా టూ-స్ట్రోక్ ఆయిలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పండి. పాయింట్ల (నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంపే బిళ్లలు) మీది పొరను సన్నని ఎమరీ కాగితంతో తుడిచి గ్యాపు 0.4 మిల్లీమీటర్లకు పెట్టండి. ఈ డైనమో మోడళ్లలో కాయిలుకు కరెంటు బ్యాటరీ నుంచే అందాలి కాబట్టి, మంచి 6 వోల్టుల బ్యాటరీ లేకుండా ఎంత కొట్టినా నిప్పురవ్వ రాదు. చాలామంది ఇక్కడే కార్బురేటరును తిడుతూ కూర్చుంటారు. తుప్పు పట్టిన ట్యాంకు జోలికి పోకుండా, లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపిన పెట్రోలును చిన్న సీసా నుంచి గొట్టంతో ఇవ్వండి. ఇంజను అందుకుందంటే తన జబ్బేమిటో తానే చెబుతుంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ గేరు ఆయిలు తగ్గిపోతుంటే ప్రైమరీ చైను (ఇంజను నుంచి క్లచ్‌కు వెళ్లే చైను) వైపు క్రాంకు సీలు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వలయం, పోయిందని అర్థం. యాక్సిలరేటరు వదిలినా వేగం దిగకపోతే డైనమో వైపు సీలు గాలి పీలుస్తోందని అర్థం. విప్పకముందే ఇంత తెలిసే అవకాశం ఉండగా దాన్ని ఎందుకు వదులుకోవాలి?

లేత్ బల్ల:
ఆ లక్షణాలు నిజమే. అయితే అవి బయటపడేలోపు ఇంజనుకు జరిగే నష్టాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. డైనమో వైపు సీలు గాలి పీలిస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. టూ-స్ట్రోకులో ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి, పిస్టన్ ఎక్కువ వేడెక్కే సమయానికే దానికి అందే జిడ్డు కూడా తగ్గుతుంది. వేగం దిగడం లేదని మీరు గమనించి కీ తిప్పేలోపు పిస్టన్ మీద గీతలు పడి ఉంటాయి.

అసలు భయం సీళ్ల గురించి కూడా కాదు. ఫోర్-స్ట్రోకు ఇంజనులో అడుగున ఆయిలు నిలువ ఉంటుంది. టూ-స్ట్రోకు క్రాంకు కేసు గాలీ పెట్రోలూ వెళ్లే దారి. బండి ఆగిన రోజు బేరింగుల మీద ఉన్న పలుచని పొర తప్ప వాటికి వేరే రక్షణ లేదు. ఆ పొర ఎండిపోయాక, భీమవరం వంటి తేమ ప్రాంతంలో వానాకాలాలన్నీ గడిచాక, గుండ్లు ఆనిన చోటల్లా తుప్పు తిని గుంటలు పడతాయి. కిక్కు దిగుతోందంటే పిస్టన్ కదులుతోందని మాత్రమే తెలుస్తుంది. బేరింగు బాగుందని తెలియదు. ఆ తుప్పు పొడి కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) కింది బేరింగులోకి చేరితే, ఈ రోజు సీళ్లూ బేరింగులతో పోయే ఖర్చు రేపు క్రాంకును ప్రెస్సుతో విడదీసి మళ్లీ కూర్చే పని దాకా పెరుగుతుంది. ఐడియల్ జావా 1996లో మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ బజారులోకి వచ్చినా అవి ఫోర్-స్ట్రోకు బళ్లు, వాటి సామాను దీనికి పనికిరాదు. దొరకని వస్తువును పరీక్ష కోసం పణంగా పెట్టడం నాకు నచ్చదు.

అనంతపురం ఎండ:
మా దగ్గర ఇంట్లోనే నిలిపిన జావాను ఆటోనగర్ నీడ గారు చెప్పిన పద్ధతిలోనే లేపాము, ఇప్పటికీ విప్పలేదు. మా గాలిలో తేమ లేదు, బండికి సైలెన్సర్లు రెండూ ఉన్నాయి. కోస్తా బండికీ మా బండికీ ఒకే సూత్రం చెబితే ఎలా?

రెండు సైలెన్సర్లు:
అనంతపురం ఎండ గారు రెండు ముక్కల్లో చెప్పిన విషయమే ఈ చర్చకు కీలకమని నా అభిప్రాయం. ఎన్నేళ్లు నిలిచింది అన్నదానికంటే ఎలా నిలిచింది, ఎక్కడ నిలిచింది, పిస్టన్ ఏ స్థానంలో ఆగింది అన్నవే ఇంజను స్థితిని నిర్ణయిస్తాయి. పిస్టన్ కిందికి దిగి ఆగి ఉంటే ఎగ్జాస్టు రంధ్రాలతో పాటు క్రాంకు కేసుకు వెళ్లే దారులు కూడా తెరుచుకునే ఉంటాయి. మేనమామ బండి గారి ఇంజనుకు ఒక వైపు పైపు లేదు కాబట్టి, అదే జరిగి ఉంటే ఇన్నేళ్ల తేమగాలి నేరుగా క్రాంకు దాకా వెళ్లింది. ఆయన ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం ఆ గోడకు ఆనించిన సైలెన్సరే. మీ ఇద్దరూ దాన్ని పట్టించుకోకుండా వాదించుకుంటున్నారు.

కిక్కు కొట్టడానికీ కేసు విప్పడానికీ మధ్య చేయదగిన పనులు రెండున్నాయి. ఇంజనును ఫ్రేములోంచి దించకుండానే హెడ్డునూ సిలిండరునూ పైకి తీయవచ్చు. పగిలిన రింగు ముక్కో నట్టో కిందికి జారకుండా కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి చూడండి. కాన్‌రాడ్‌ను పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే. ఆ తరువాత గుడ్డ తీసి, క్రాంకును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ బేరింగు గరుకుగా తగులుతోందా అని వేళ్లతో వినండి. వేళ్లతో వినడమేమిటని నవ్వకండి, చేసినవారికి తెలుస్తుంది.

బేరింగులు నున్నగా ఉన్నాయనిపిస్తే రెండో పని. సిలిండరును తిరిగి బిగించి, కార్బురేటరు నోటినీ రెండు ఎగ్జాస్టులనూ పాత ట్యూబు ముక్కలతో, రేకు బిళ్లలతో మూసేసి, పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించాలి. దీనికి బీపీ చూసే పరికరంలోని బల్బూ గేజీ చక్కగా సరిపోతాయి, ఎందుకంటే 300 మిల్లీమీటర్ల పాదరసం అంటే సుమారు 0.4 బార్, సీళ్లకు అంతకు మించి ఎక్కించకూడదు కూడా. ముల్లు కొన్ని నిమిషాలు నిలబడితే మంచిది. పడిపోతుంటే సబ్బునీళ్లు పూసి చూడండి: మొదట మీరు మూసిన చోట్ల, తరువాత సిలిండరు అడుగు ప్యాకింగు దగ్గర, ఆపైన డైనమో వెనక సీలు దగ్గర. గేరు ఆయిలు పోసే రంధ్రంలోంచి బుస వినిపిస్తే ప్రైమరీ వైపు సీలు పోయింది. ఇది ఇంజనును మోగించకుండానే తెలుస్తుంది కాబట్టి, లక్షణాల కోసం పిస్టన్‌ను బలిపెట్టనక్కరలేదు.

లేత్ బల్ల:
ఆ పరీక్షను నేను కాదనను, కానీ దాని హద్దు కూడా చెప్పాలి. గట్టిపడిన సీలు నిలబడి ఉన్న ఇరుసు మీద గాలిని ఆపగలదు. ఇరుసు తిరగడం మొదలయ్యాక దాని పెదవి వేడికి చిట్లవచ్చు. పైగా ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో ఇథనాలు 20 శాతం దాకా ఉంటోంది, ఆనాటి రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పరీక్షలో నెగ్గిన పాత సీళ్లతో బండిని వీధి చివరిదాకా నడపవచ్చునేమో, ఊరు దాటించడానికి మాత్రం నేను సిద్ధపడను.

మేనమామ బండి:
మీరందరూ చెప్పినది చదివి సిలిండరు పైకి తీశాను. బోరులో (సిలిండరు లోపలి గోడ మీద) ఎడమ ఎగ్జాస్టు రంధ్రం చుట్టూ తుప్పు చార ఉంది. కాన్‌రాడ్‌లో పైకీ కిందికీ ఆట లేదు, కానీ అడుగు భాగం చుట్టూ నారింజ రంగు మరక కనిపిస్తోంది. క్రాంకును తిప్పితే ప్రతి చుట్టులోనూ ఒకే చోట ఇసుక నలిగినట్టు తగులుతోంది. గాలి పరీక్ష ఇంకా చేయలేదు.

రెండు సైలెన్సర్లు:
ఇక గాలి పరీక్షతో పని లేదు, ఈ ఇంజను విప్పవలసినదే. కేసు స్క్రూలకు ఇంపాక్ట్ డ్రైవరు వాడండి, డైనమో రోటరుకు దాని పుల్లరే వాడండి. క్రాంకు చివర సుత్తితో కొట్టవద్దు. క్రాంకులోని రెండు బరువు చక్రాల పొందిక తప్పితే దాన్ని సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజీతో మళ్లీ సరిచేయగలవారు తక్కువమంది. విడదీసే ముందే ప్రతి ఇరుసు మీది వాషర్ల వరుసను ఫోటో తీసుకోండి.

లేత్ బల్ల:
సీళ్ల విషయంలో ఒక జాగ్రత్త: ఆనాటి కంపెనీ డబ్బాలో దొరికిందని మురిసిపోయి కొనకండి. డబ్బాలో ఉన్నంత మాత్రాన రబ్బరుకు వయసు రాకుండా ఉండదు. పాత సీలు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో మీకు దగ్గరలోని బేరింగుల దుకాణంలోనో అదే కొలతలో వైటాన్ (వేడినీ పెట్రోలునూ తట్టుకునే రబ్బరు) రకం అడగండి. బేరింగులు కూడా వాటి మీది నంబరును బట్టి దొరుకుతాయి. క్రాంకుకు నేనైతే సీ3 గ్యాపు (లోపల మామూలు కంటే కొంచెం ఎక్కువ వదులు) ఉన్నవే తీసుకుంటాను.

ఆటోనగర్ నీడ:
ఈ బండిని విప్పాలన్నదానికి నాకు అభ్యంతరం లేదు, ఆ గరుకు విన్నాక ఎవరూ కిక్కు కొట్టరు. అయినా రెండు సైలెన్సర్లూ ఉండి, ఇంటి లోపల పొడిగా నిలిచి, క్రాంకు నున్నగా తిరిగే బండి తెచ్చినవారికి నేను ఇప్పటికీ సీసా పెట్రోలూ బ్యాటరీ తెమ్మనే చెబుతాను. మేనమామ బండి గారూ, కేసు బెంగళూరుకో హైదరాబాదుకో పంపే ముందు బోరు కొలిపించండి. ఆ తుప్పు చార హోనింగుతో (సానరాళ్లతో లోపలి గోడను రుద్దడంతో) పోతుందా, పై సైజు పిస్టన్ వేయాలా అన్నది తేలాకే మిగతా సామానుకు డబ్బు పెట్టండి.